ఎడారిలో పందిరి: ముందు నీడ, ఆ తరువాతే గుడారం

అమెరికా ఎడారిలో ఏటా జరిగే, చివర పెద్ద మనిషి బొమ్మను కాల్చే బర్నింగ్ మ్యాన్ ఉత్సవానికి 2018లో మొదటిసారి వెళ్లినప్పుడు మా బృందం ముందుగా ఎనిమిది గుడారాలు వేసుకుంది. మిగిలిన జాగాలో ఒక మడత పందిరి నిలబెట్టి, దాని నాలుగు కాళ్లకూ గుడారాలతో వచ్చిన సన్న మేకులు కొట్టాం. మంగళవారం మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. పందిరి మేకులతో సహా పైకి లేచి పక్క శిబిరంలో పడింది. అక్కడ కూర్చున్న ఒకావిడ ముంజేయి చీరుకుపోయింది. ఆమెకు కట్టు కట్టించి తీసుకువచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరునాడు తమ దగ్గరున్న పొడవాటి బోల్టులు తెచ్చి, మా రెండో పందిరిని దగ్గరుండి బిగింపజేసింది. ఆ ఏడాది నుంచి మా శిబిరంలో నీడ పని నేనే చూస్తున్నాను. ఇప్పుడు కొత్తగా బృందం కట్టుకుని వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు నేను నేర్చుకున్నదంతా ఇక్కడ చెబుతాను.

చోటు ఎలాంటిదో ముందు తెలియాలి. నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారి అది. లాహోంటన్ అనే పురాతన సరస్సు ఎండిపోగా మిగిలిన అడుగునేల. అక్కడివారు దాన్ని ప్లాయా అంటారు. సముద్రమట్టానికి దాదాపు 3,900 అడుగుల ఎత్తు. చెట్టు లేదు, బండరాయి లేదు, గడ్డిపోచ లేదు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం దాకా డెబ్బై వేలమంది అక్కడ ఊరు కట్టుకుని, ఆనవాలు లేకుండా తీసేసి వెళ్తారు. లోపల ఐస్ తప్ప కొనుక్కునేందుకు దాదాపు ఏమీ దొరకదు. పగలు 38 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రాత్రి 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. నీడ అనేది మీరు బండిలో వేసుకుని తీసుకువెళ్లవలసిన సరుకు.

మా శిబిరం ఒక చలివేంద్రం. ఎండన పడి వచ్చేవారికి ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు ఇస్తాం. అక్కడ ఎవరికి తోచింది వారు ఉచితంగా పంచిపెట్టడమే పద్ధతి కనుక, మన ఊళ్లలో వేసవిలో కూడళ్ల దగ్గర వెలిసే చలివేంద్రం అక్కడ ఏ వివరణా లేకుండా అందరికీ అర్థమైంది. మేం 16 మందిమి. కింద చెప్పే కొలతలు ఆ సంఖ్యకు సరిపోయేవి.

ఎంత నీడ కావాలని అందరూ అడుగుతారు. ఏ గంటకు కావాలని నేను తిరిగి అడుగుతాను. మా నాన్న కడియం నర్సరీల్లో పనిచేశారు. పచ్చ వల కింద మొక్కలు సర్దేటప్పుడు ఆయన వల ఎంత మేర ఉందో చూసేవారు కాదు, పొద్దున తొమ్మిదింటికి నీడ ఎక్కడ పడుతుందో చూసేవారు. ఆ అలవాటే నాకు ప్లాయాలో పనికొచ్చింది. ఆగస్టు చివర అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, అత్యంత ఎత్తులో ఉన్నప్పుడు కూడా దాదాపు 58 డిగ్రీల కోణంలో దక్షిణాన ఉంటాడు. ఎనిమిది అడుగుల ఎత్తు పందిరి వేస్తే ఆ సమయంలో నీడ ఉత్తరానికి అయిదు అడుగులు జరుగుతుంది. ఉదయం తొమ్మిదికి అదే నీడ పడమటికి 15 అడుగులు పోతుంది, ఎనిమిదికైతే 26 అడుగులు. సాయంత్రం అయిదు గంటలకు అంతే దూరం, 15 అడుగులు, తూర్పుకు పోతుంది.

ఈ లెక్కలో ఉన్న ప్రమాదం గమనించండి. పది అడుగుల మడత పందిరి కింద గుడారం వేసి, రాత్రంతా తిరిగి తెల్లవారి పడుకున్నవారి మీద ఎనిమిదింటికి నీడ ఒక్క చారెడు కూడా ఉండదు. అది పక్కవారి సైకిళ్ల మీద పడుతుంది. గుడారం లోపల గాలి ఆడదు. తొమ్మిదికల్లా అందులో ఉండడం కష్టం. గుడారం దుమ్ము నుంచి, రాత్రి చలి నుంచి కాపాడుతుంది. ఎండ నుంచి కాపాడదు. అందుకే ఒక్కొక్కరూ ఒక్కో చిన్న పందిరి తెచ్చుకోవడం మానిపించి, అందరికీ కలిపి ఒకే పెద్ద పందిరి వేయమని నేను పట్టుబడతాను. చిన్న పందిళ్ల నీడంతా అంచుల నుంచే జారిపోతుంది. పెద్దదానికి నడుమ నిలిచే నీడ ఉంటుంది.

ఆ పెద్ద పందిరి ఏ దిక్కుకు పొడవుగా ఉండాలన్నది రెండో ప్రశ్న. తూర్పు పడమరలుగా. మాది 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఉదయం నీడ 15 అడుగులు జరిగినా ఇంకా 55 అడుగులు మిగులుతుంది. అదే పందిరిని ఉత్తర దక్షిణాలుగా తిప్పితే, 20 అడుగుల వెడల్పులో 15 పోయి అయిదే మిగులుతుంది. ఒకే ఇనుము, ఒకే వల, అదే శ్రమ. తిప్పిన దిక్కును బట్టి పదిమందికి నిద్ర దొరకడమో పోవడమో తేలిపోతుంది.

దిక్కులు కనుక్కోవడానికి ఆ ఊరి పటం చూడాలి. వీధులు గడియారం ముఖంలా ఉంటాయి. రెండు గంటల వీధి నుంచి పది గంటల వీధి దాకా ఊరు అర్ధచంద్రాకారంగా పరుచుకుంటుంది. పన్నెండు గంటల వైపు ఈశాన్యం. కాబట్టి ఆరు గంటల వీధి నైరుతికి పోతుంది, నాలుగున్నర వీధి సూటిగా దక్షిణానికి, ఏడున్నర వీధి సూటిగా పడమరకు. మీకు నాలుగున్నర దగ్గర చోటు దొరికితే, గంటల వీధులకు అడ్డంగా గుండ్రంగా తిరిగే వలయపు వీధి అక్కడ తూర్పు పడమరలుగా ఉంటుంది. వీధికి సమాంతరంగా పందిరి వేస్తే చాలు. ఏడున్నర దగ్గరైతే వీధికి అడ్డంగా, లోపలికి పొడవుగా వేయాలి. ఆరు గంటల దగ్గర చోటు మూలగా తిరిగి ఉంటుంది. అక్కడ చోటు గీతలకు లొంగి పందిరి వేసి, తూర్పు వైపు అంచులకు ఎక్కువ వల దించడమే దారి. చోటు ఖరారు కాగానే కాగితం మీద గళ్లు గీసి, ఒక గడికి పది అడుగులనుకుని, తొమ్మిది గంటల నీడనూ అయిదు గంటల నీడనూ రెండు రంగుల్లో గీయండి. రెండు రంగులూ కలిసేచోట పడకలు. మిగతావన్నీ ఆ తరువాతే.

మా గీత ఇలా తేలింది. 70 అడుగులను పది అడుగుల చొప్పున ఏడు అంకణాలు చేశాం. తూర్పు చివరి అంకణంలో వంట, సామాను. పొద్దున ఎండ అక్కడే పడుతుంది. వంట చేసేవారు ఆ వేళకు ఎలాగూ లేచే ఉంటారు. తరువాతి నాలుగు అంకణాల్లో, రెండు వరసలుగా, ఎనిమిది గుడారాలు. పడమటి రెండు అంకణాలూ అందరూ కూర్చునే చావడి. తూర్పు, పడమర చివర్లలో వలను పై నుంచి అయిదు అడుగులు కిందికి దింపుతాం, నేల నుంచి మూడు అడుగులు ఖాళీ వదులుతాం. అంతే చేస్తే, ఉదయం తొమ్మిదికి లోపలికి వచ్చే ఎండ 15 అడుగుల నుంచి అయిదారు అడుగులకు తగ్గుతుంది. దక్షిణపు అంచున కూడా మూడు అడుగుల వల జాలరులా వేలాడదీస్తాం. అడుగున వదిలిన ఖాళీ గాలి ఆడడానికి, రాకపోకలకు.

ఇప్పుడు గాలి సంగతి. నా మనసంతా ఇక్కడే ఉంటుంది, ఎందుకో మొదట చెప్పాను. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. నిలువుగా కట్టిన 100 చదరపు అడుగుల టార్పాలిన్ మీద గంటకు 25 మైళ్ల గాలి దాదాపు 160 పౌండ్ల బరువుతో నెడుతుంది. 50 మైళ్ల గాలి 640 పౌండ్లతో, అంటే 290 కిలోలతో. ప్లాయాలో 50 మైళ్ల గాలి వింతేమీ కాదు. అందుకే గోడగా, కప్పుగా గట్టి టార్పాలిన్ వాడకండి. తెరచాప అవుతుంది. వల అయితే గాలిని కొంత లోపలికి వదిలేస్తుంది.

ఏ వల? మన నర్సరీల్లో 50 శాతం, 75 శాతం అని అమ్మే పచ్చ వలలు చూసే ఉంటారు. ఆ శాతం వల ఆపే ఎండ. ప్లాయాకు 70 నుంచి 80 శాతం ఆపేది కావాలి. రంగు కూడా ముఖ్యమే. నల్ల వల ఎండను తాగి, తానే వేడెక్కి, ఆ వేడిని కింద పడుకున్నవారి మీదికి దింపుతుంది. వెండి రంగులో ఉండే అల్యూమినెట్ అనే వల ఎండను తిప్పికొడుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ అయిదారు యాత్రలకు వస్తుంది. ఒకే పెద్ద గుడ్డగా కుట్టించవద్దు. మేం ఒక్కో అంకణానికి ఒక ముక్క చొప్పున, పది అడుగులకు ఇరవై అడుగులవి ఏడు ముక్కలు చేయించాం. ఒకటి చిరిగితే దానిమటుకు దింపుకోవచ్చు. అంచులు మడిచి కుట్టి, ఇత్తడి కంతలు వేయించాలి. వలను పైపులకు తాడుతో బిగించి కట్టకండి. గుండు ఉన్న రబ్బరు పట్టీలు దొరుకుతాయి, వాటితో కట్టండి. ఈదురుగాలికి అవి సాగుతాయి, మరీ ఎక్కువైతే తెగుతాయి. తెగవలసింది అవే. రబ్బరు తెగితే ఒక మూల వల రెపరెపలాడుతుంది. రబ్బరుకు బదులు తాడు పట్టి నిలిస్తే, తోపుడంతా రాటల మీద పడి పందిరి మొత్తం లేస్తుంది.

చట్రానికి అంగుళంన్నర కండ్యూట్ పైపులు, అంటే కరెంటు తీగలు నడిపే లోహపు గొట్టాలు, వాడతాం. పది అడుగుల పొడవున దొరుకుతాయి. ఎనిమిది అడుగులకు కోసిన రాటలు 24, అడ్డంగా నిడివిగా వేసేవి 37. కలిసేచోట్ల లోహపు ఫిట్టింగులు: మూలలకు మూడు నోళ్లవి నాలుగు, అంచులకు నాలుగు నోళ్లవి పద్నాలుగు, నడుమకు అయిదు నోళ్లవి ఆరు. నలుగురైదుగురే ఉంటే ఇంత అక్కర్లేదు. నేలలో దిగేసిన ఇనుప చువ్వలకు ప్లాస్టిక్ పైపులు వంచి తొడిగే గూడు పందిరి చాలు. దంపతులిద్దరే అయితే రేకు అతికిన నురుగు పలకలతో చేసే హెక్సాయుర్ట్ అనే ఆరు మూలల గుడిసె బాగుంటుంది. దాని లోపల మధ్యాహ్నం నిద్ర పోవచ్చు. కానీ బృందానికి పందిరే.

రాటలను నేలకు పట్టి ఉంచేదే అసలు పని. పూర్వం అందరూ రెండు మూడు అడుగుల ఇనుప చువ్వలు సుత్తితో దిగ్గొట్టేవారు. ఇప్పటికీ అవి పనికిరాకపోలేదు, కానీ పైకి పొడుచుకు వచ్చిన మొన చీకట్లో పిక్కలు చీలుస్తుంది. చివరి రోజున పీకడం ఒక యజ్ఞం. మేం లాగ్ బోల్టులకు మారాం. అరంగుళం మందం, 14 అంగుళాల పొడవు, మరలు ఉన్న బోల్టు. దాని తలకు ముప్పావంగుళం సాకెట్ సరిపోతుంది. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి నొక్కితే, సరస్సు అడుగున గట్టిపడిన బంకమట్టిలోకి చెక్కలోకి దిగినట్టు దిగుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు అదే యంత్రాన్ని వెనక్కి తిప్పితే ఊడి వస్తుంది. బోల్టు తల కింద వెడల్పు వాషరు, మూడు నాలుగు గొలుసు లంకెలు వేస్తే పట్టీ కొక్కెం తగిలించడానికి వీలు.

ప్రతి రాట అడుగునా పలక పెట్టి ఒక బోల్టు. అవి 24. రాట తల నుంచి ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో నేలకు దిగే లాగుడు పట్టీలకు వేరే బోల్టులు: మూల రాటలకు రెండేసి, దక్షిణపు వరసలో మిగిలిన ఆరింటికీ రెండేసి, మిగతా అంచు రాటలకు ఒక్కోటి. మొత్తం 28. రెండూ కలిపితే 52. దక్షిణానికి ఎక్కువ ఎందుకంటే అక్కడ పెద్ద గాలులు ఎక్కువగా దక్షిణం, నైరుతి నుంచి వస్తాయి. మన ఇళ్లలో నైరుతి మూల బరువుగా, ఎత్తుగా ఉండాలంటారు కదా. ప్లాయాలో ఆ మాట అక్షరాలా పాటించాను. సామాను తెచ్చిన పెద్ద ట్రక్కును నైరుతి మూలన నిలుపుతాం. గాలి మొదటి దెబ్బ అదే తింటుంది. సాయంత్రపు ఎండ చావడిలోకి రాకుండా కొంత అడ్డు కూడా.

పట్టీలు రాచెట్‌తో, అంటే వెనక్కి జారని పళ్ల చక్రంతో, బిగించేవి కొనండి. నైలాన్ తాడు రాత్రి చలికి, పగటి ఎండకు సడలుతుంది. పట్టీని ఒక మెలిక తిప్పి కట్టండి. మెలిక లేని పట్టీ గాలికి రాత్రంతా గుయ్‌మని మోగుతుంది. రోజూ పొద్దునా సాయంత్రమూ ఒకరు చుట్టూ తిరిగి 28 పట్టీలనూ చేత్తో లాగి చూడాలి. ఆ పని ఎవరిదో ముందే పేరు రాసి పెట్టండి. ప్రతి పట్టీకీ మోకాలి ఎత్తున తెల్లగుడ్డ, రాత్రికి చిన్న దీపం కట్టాలి. ఆ దారిన సైకిళ్లమీద వెళ్లేవారు మీ శిబిరంవారు కాదు, వారికి మీ పట్టీలు ఎక్కడున్నాయో తెలియదు.

పందిరి కప్పుకూ గుడారం నెత్తికీ మధ్య కనీసం రెండు అడుగుల ఖాళీ ఉండాలి. ఎనిమిది అడుగుల పందిరి కింద ఆరడుగుల లోపు గుడారాలే వేయనిస్తాను. గుడారం పైభాగం దోమతెరలా ఉంటే దాన్ని గుడ్డతో మూసి కుట్టుకోవాలి. ప్లాయా దుమ్ము మైదాకన్నా మెత్తన, సున్నంలా క్షారం. అది చర్మాన్ని పగలగొడుతుంది. పాదాలు సాయంత్రం వెనిగర్ కలిపిన నీళ్లతో కడుక్కుంటే ఉపశమనం.

చల్లదనానికి మన పాత పద్ధతి అక్కడ అద్భుతంగా పనిచేస్తుంది. వట్టివేళ్ల తడికలు తడిపి కిటికీలకు కట్టే ఇళ్లు మీలో కొందరికి గుర్తుండాలి. మా గోదావరి జిల్లా ఉక్కలో కూలర్ పెడితే ఒళ్లు జిడ్డుకట్టేది. నెవాడా గాలి పొడిగా ఉంటుంది కనుక తడిగుడ్డ గుండా ఫ్యాను గాలి వదిలితే చావడి నిజంగా చల్లబడుతుంది. అయితే ఆ నీళ్లు కూడా మీరు మోసుకెళ్లినవే. మనిషికి రోజుకు గాలన్నర, అంటే సుమారు 5.7 లీటర్లు, అక్కడి నిర్వాహకులు సూచించే లెక్క. కూలర్ నీళ్లు దానిపైన అదనంగా రాసుకోండి. వాడిన నీళ్లు నేల మీద పారబోయకూడదు. జనరేటరునూ ఇంధనాన్నీ పందిరి కింద ఎప్పుడూ పెట్టకండి. పందిరికి దూరంగా, గాలి పందిరిని దాటి పోయే వైపున ఉంచండి.

వాన రాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2023 సెప్టెంబరు మొదటి రోజుల్లో కురిసిన వానకు ఆ నేలంతా జిగటమట్టి అయింది. బండ్లు కదలకూడదన్నారు, గేట్లు మూశారు, శనివారం కాల్చవలసిన మనిషి బొమ్మను సోమవారం రాత్రి కాల్చారు. వల వానను ఆపదు. అప్పటి నుంచి మూడు పెద్ద టార్పాలిన్లు మడిచి సామాన్లలో ఉంచుతున్నాను. గాలి లేని వానకైతే చావడి మీద వాలుగా కప్పుతాం. గాలితో కూడిన వానకు కప్పం, గుడారాల్లోనే ఉంటాం. ప్లగ్గులు తగిలించే కరెంటు పలకలన్నీ నేలకు అడుగు ఎత్తున రాటలకు కట్టి ఉంటాయి. ఆ ఏడాది మా తీగలను కాపాడింది ఆ అడుగే.

వెళ్లడానికి మూడు వారాల ముందు, ఆగస్టు మొదట్లో, పందిరి మొత్తం ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడాలి. మేం ఫ్రీమాంట్‌లో ఒక మిత్రుడి పెరట్లో రెండు అంకణాలే పట్టినా వేస్తాం. ప్రతి పైపుకూ రంగు టేపు చుడతాం: రాటకు ఎరుపు, నిడివి వాసానికి నీలం, అడ్డ వాసానికి పసుపు. ట్రక్కులోకి పందిరి సామాను ఆఖరున ఎక్కించండి, అక్కడ మొదట దిగవలసింది అదే. పైపులు, ఫిట్టింగులు, బోల్టులు, రెండు నిచ్చెనలు, నాలుగు బ్యాటరీలు, ఆ తరువాతే మిగతా ప్రపంచం. చేరిన పూట ఎంత అలసి ఉన్నా నా మాట ఒకటే: చట్రం నిలిచి, 52 బోల్టులూ దిగి, పట్టీలు బిగిసేదాకా ఎవరూ గుడారం సంచి విప్పకూడదు. ఆరుగురు తెలిసినవారుంటే అయిదు గంటల పని. ఎండ వాలాక మొదలుపెట్టండి. వల మటుకు గాలి నిలకడగా ఉన్నప్పుడే, ఎక్కువగా తెల్లవారుజామున, ఎక్కిస్తాం. గాలి లేస్తున్నట్టు దక్షిణాన దుమ్ము గోడ కనిపిస్తే నిచ్చెన మీదివారు వెంటనే దిగాలి, ఎక్కించిన ముక్కలు దించాలి.

విప్పేటప్పుడు క్రమం తిరగబడుతుంది: ముందు గుడారాలు, తరువాత వల, తరువాత పట్టీలు, ఆఖరున రాటలు. వల ముక్క దారాలు, ప్లాస్టిక్ పట్టీల తుంపులు, రబ్బరు ముక్కలు అన్నీ ఏరాలి. ఆ భూమి ప్రభుత్వానిది. ఉత్సవం తరువాత అధికారులు నేల తనిఖీ చేస్తారు, ఎకరానికి సగటున ఒక చదరపు అడుగుకు మించి చెత్త ఉండకూడదు. చవకరకం నీలం టార్పాలిన్లు ఎండకు పొట్టు రాలుస్తాయి. ఆ పొట్టు ఏరడం ఎవరి వల్లా కాదు, తేకపోవడమే మేలు.

బోల్టులను లెక్కపెట్టి సంచిలో వేస్తాం. కిందటిసారి 51 వచ్చాయి. పదహారుమందిమి చెయ్యి చెయ్యి పట్టుకున్నంత దగ్గరగా వరసలో నిలబడి, తాడుకు కట్టిన అయస్కాంతాన్ని ఈడుస్తూ, 70 అడుగుల నేలనూ రెండుసార్లు నడిచాం. ఈశాన్యపు మూల రాట ఉన్నచోట దుమ్ము కప్పేసిన బోల్టు తల తగిలింది. డ్రైవర్ బ్యాటరీ అప్పటికే అయిపోయింది. పానాతో తిప్పి తీసి, గుంట పూడ్చి, ట్రక్కు తలుపు వేశాం.